మోసెల్ కొండవాలు మీద చిన్న సేంద్రియ వైనరీ: నేల ఎంపిక నుంచి సీసా దాకా

జర్మనీలో ఉంటున్న తెలుగువాళ్లలో చాలామంది కోఖెమ్ కోట చూడ్డానికి ఒక్కసారైనా మోసెల్ లోయకు వెళ్లే ఉంటారు. నదికి రెండు వైపులా గోడల్లా లేచిన కొండలు, వాటి నిండా కర్రలకు కట్టిన ద్రాక్ష తీగలు. ఆ వాలు తోటలు కొన్ని ఇప్పుడు చవగ్గానే దొరుకుతున్నాయి. పెద్దవాళ్లు పని మానుకుంటున్నారు, పిల్లలు ఊళ్లో ఉండటం లేదు, తోటలు ముళ్లపొదల పాలవుతున్నాయి. "చిన్న ముక్క తీసుకుని ఆర్గానిక్‌గా వైన్ చేస్తే ఎలా ఉంటుంది?" అనే ఆలోచన అందుకే కొందరికి వస్తోంది. ఎవరిదో కుటుంబ వైనరీలో కోతకు, కత్తిరింపుకు పనికి వెళ్లి అసలు ఈ వ్యవహారం ఎలా నడుస్తుందో తెలుసుకుందాం అనుకునేవాళ్లూ ఉన్నారు. ఇది ఇద్దరి కోసమూ రాశాను. పనులు ఏ వరసలో వస్తాయో ఆ వరసలోనే చెబుతాను.

1. ముందు గంటలు లెక్కేయండి, తర్వాతే హెక్టార్లు

జర్మనీలో 30 శాతం దాటిన వాలును ఏటవాలు తోట కింద లెక్కిస్తారు. అంటే వంద మీటర్లు ముందుకు వెళ్లేసరికి 30 మీటర్ల ఎత్తు ఎక్కుతాం. మోసెల్‌లో 60 శాతం వాలు ఎవరికీ వింత కాదు. బ్రెమ్ ఊరి దగ్గర కాల్మాంట్ కొండ మీద 60 డిగ్రీలు దాటిన చోట్లు కూడా ఉన్నాయి. యూరప్‌లో ఇంత నిట్టనిలువు ద్రాక్ష తోటలు చాలా తక్కువ.

ఇలాంటి నేలలో, ఒక్కో తీగకు ఒక్కో కర్ర పాతిన తోటకు, హెక్టారుకు ఏడాదికి 1,200 గంటల పని వేసుకోండి. సమతల నేలలో యంత్రాలతో చేస్తే ఇందులో నాలుగో వంతుకు అటూ ఇటూగా అయిపోతుంది. ఒక మనిషి ఏడాదికి 1,700 గంటలు పని చేయగలడనుకుంటే భార్యాభర్తలకు కలిపి 3,400. అందులో సగం సెల్లారు (వైన్ పులియబెట్టి నిలవ ఉంచే నేలమాళిగ), కాగితాలు, అమ్మకాలు తినేస్తాయి. మిగిలిన 1,700 గంటలు హెక్టారున్నరకు కూడా చాలవు.

అందుకే నా సలహా: పూర్తిగా ఇదే వృత్తిగా పెట్టుకున్న ఇద్దరు ఒక హెక్టారుతో మొదలుపెట్టాలి. ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాల్లో చూసుకుందామనుకుంటే వెయ్యి చదరపు మీటర్లు చాలు. అదే 120 గంటలు. ఇంకో సంగతి, యూరోపియన్ యూనియన్‌లో కొత్తగా వైన్ ద్రాక్ష నాటాలంటే ముందు అనుమతి కావాలి. ఇప్పటికే తీగలున్న తోట కొనడమో, కౌలుకు తీసుకోవడమో తేలిక.

2. వాలును చూసే పద్ధతి

సూర్యుడు, రాయి, దారి, గోడ, పక్కవాడు. ఈ ఐదూ చూడాలి. అందరూ మొదటి రెండూ చూసి మురిసిపోతారు, డబ్బు పోయేది మాత్రం చివరి మూడింటి దగ్గర.

ఇక్కడి ప్రధాన రకం రీస్లింగ్. ఆలస్యంగా పండుతుంది, అక్టోబరు దాకా ఆగాలి. 50వ అక్షాంశం దగ్గర, ఇంత ఉత్తరాన అది పండుతోందంటే కారణం వాలే. దక్షిణం, నైరుతి వైపు తిరిగిన కొండ మీద ఎండ ఏటవాలుగా కాకుండా సూటిగా పడుతుంది. కింద నది వెలుతురును తిరిగి పంపుతుంది. నేల నిండా పలకరాయి. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దినవాళ్లకు ఈ రాయి చేతికి తగలగానే తెలిసిపోతుంది. పొరలు పొరలుగా విరుగుతుంది, పగటి వేడిని పట్టుకుని రాత్రి మెల్లగా వదులుతుంది, వాన నీళ్లను నిలవనివ్వదు. వేర్లు ఆ పొరల సందుల్లోంచి కిందికి దిగుతాయి. చలిగాలి కిందికి జారిపోతుంది కాబట్టి వసంతంలో మంచు దెబ్బ కూడా వాలు మధ్యలో తక్కువ. 2024 ఏప్రిల్ చివర్లో వచ్చిన మంచుకు మోసెల్ ఉపనదులైన జార్, రూవర్ లోయల్లో చాలా తోటలు చిగుళ్లతో సహా మాడిపోయాయి. ముక్క కొనేముందు ఆ ఏడాది అక్కడ ఏమైందో ఊళ్లో అడగండి.

దారి పైనా కిందా రెండు చోట్లా ఉంటే అదృష్టం. పైన రోడ్డు ఉంటే వించ్ అనే యంత్రానికి చుట్టిన తాడుతో చిన్న ట్రాక్టరునో, గొలుసు చక్రాల బండినో కిందికి దించొచ్చు. మెట్లు తప్ప ఏమీ లేకపోతే పళ్లున్న ఇనుప పట్టా మీద నడిచే మోనోరైలు ఉందేమో చూడండి. అదీ లేకపోతే ప్రతి కిలో మీ వీపు మీదే వస్తుంది.

గోడల సంగతి. ఇక్కడి మెట్ల తోటలను సున్నం, సిమెంటు లేకుండా ఒట్టి రాళ్లు పేర్చిన గోడలే నిలబెడుతున్నాయి. గోడ మధ్యలో పొట్టలా ఉబ్బి ఉంటే అది పడిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు. ఒక గోడ తిరిగి కట్టించే ఖర్చు ఆ ముక్క ధరనే మించిపోవచ్చు. కానీ ఇదే గోడల్లో బల్లులు, తెల్లపూల సీడం మొక్కలు, ఆ మొక్క తిని పెరిగే అపోలో సీతాకోకచిలుక ఉంటాయి. మోసెల్ అపోలో అనే ఉపజాతి ఈ లోయ కింది భాగంలో తప్ప ఇంకెక్కడా కనిపించదు. కాబట్టి గోడ "శుభ్రం" చేయొద్దు.

ఇక పక్కవాడు. ఇక్కడ తోటలు తరతరాలుగా పంచుకుని చీలికలైపోయాయి. మీది నాలుగు వరసలు, పక్కన ఇంకొకరిది ఆరు. కొండ మొత్తానికి హెలికాప్టరుతో మందు కొట్టించే ఏర్పాటు ఉన్న చోట మీ నాలుగు వరసలను వదిలేసి కొట్టడం కుదరదు. గాలికి కొట్టుకొచ్చిన మందు మీ పంటలో తేలితే ఆ ఏడాది సేంద్రియ సర్టిఫికెట్ మీద ప్రశ్నలొస్తాయి. అందుకే చెదిరిన ఐదు ముక్కల కంటే ఒకే చోట ఉన్న చిన్న ముక్క మేలు, అంచున ఉంటే ఇంకా మేలు.

3. సర్టిఫికెట్ గడియారాన్ని మొదటి రోజే మొదలుపెట్టండి

ద్రాక్ష లాంటి బహువార్షిక పంటకు మామూలు సాగు నుంచి సేంద్రియానికి మారే గడువు మూడేళ్లు. మీరు తనిఖీ సంస్థతో ఒప్పందం చేసుకున్న రోజు నుంచే లెక్క, మందు మానేసిన రోజు నుంచి కాదు. కొన్న వారంలోనే ఆ ఒప్పందం చేసుకోండి. ఏడాదికి కనీసం ఒకసారి తనిఖీకి వస్తారు. ఏ రోజు ఏం చల్లారో, ఎంత చల్లారో, బిల్లు ఎక్కడుందో చూపించాలి. ఎకోవిన్, బయోలాండ్ లాంటి సేంద్రియ రైతుల సంఘాల్లో చేరితే నియమాలు ఇంకొంచెం కఠినం, కానీ సలహా చెప్పేవాళ్లు దొరుకుతారు. బెర్న్‌కాస్టెల్-కూయెస్‌లో ఉన్న డీఎల్ఆర్ మోసెల్ అనే ప్రభుత్వ సంస్థ కూడా ద్రాక్ష రైతులకు సలహాలిస్తుంది. తెగుళ్లకు రాగి లోహపు మందు, గంధకం చల్లడానికి కూడా మందులు వాడే అర్హత పత్రం తప్పనిసరి. ఆ కోర్సు చలికాలంలో పూర్తి చేసేయండి.

ఈ మూడేళ్లూ ఖర్చు ఆర్గానిక్‌ది, రాబడి మామూలుది. చేతిలో అంత డబ్బు లేకపోతే మొదలుపెట్టకపోవడమే మంచిది.

4. చలికాలం: కత్తిరింపు, వంచడం

రంగారెడ్డి జిల్లా వైపు పందిరి ద్రాక్షను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు, వేసవిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి. ఇక్కడ చలి తీగను నిద్రపుచ్చుతుంది కాబట్టి జనవరి నుంచి మార్చి లోపు ఒక్కసారే. పాత పద్ధతిలో ఒక్కో మొక్కకు రెండు తీగలు మాత్రం వదిలి మిగతావి తీసేస్తారు. ఆ రెంటినీ చెరో వైపు కిందికి వంచి కర్రకు కడితే హృదయం ఆకారం వస్తుంది. చూడ్డానికి అందంగా ఉంటుంది, కానీ అసలు ప్రయోజనం వేరు. వంచితే చిగుళ్లు కొసనే కాకుండా తీగ పొడవునా సమంగా వస్తాయి. పైగా తీగల మధ్య కంచె వైరు ఉండదు కాబట్టి వాలు మీద అడ్డంగా నడవొచ్చు.

వంచే పని తేమ ఉన్న రోజున పెట్టుకోండి. పొడి గాలిలో తీగ పుటుక్కున విరుగుతుంది. కత్తిరించేటప్పుడు ముసలి కొమ్మ మీద పెద్ద గాట్లు వద్దు. ఆ గాయాల్లోంచే కాండాన్ని చంపే ఎస్కా తెగులు లోపలికి పోతుంది.

చనిపోయిన మొక్కల స్థానంలో కొత్తవి నాటేటప్పుడు కొంత భాగంలో తెగులు తట్టుకునే రకాలు వేయడం గురించి గట్టిగా ఆలోచించండి. సోలారిస్, యోహానిటర్, సూవినియే గ్రీ లాంటివి. వీటికి చాలా తక్కువ స్ప్రేలు సరిపోతాయి. "మోసెల్ అంటే రీస్లింగే" అని పాతతరం ముఖం చిట్లిస్తుంది. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు, పలకరాయి మీద రీస్లింగ్ రుచి వేరు. అయినా అందడానికి కష్టమైన, మందు కొట్టే పైపు కూడా చేరని మూల వరసల్లో ఈ రకాలు పెడితే మే, జూన్ నెలల్లో సగం టెన్షన్ తగ్గుతుంది.

5. నేల, గడ్డి

కలుపు మందు నిషేధం. మామూలు వాలు తోటల్లో తీగల కింద నేలను బోసిగా ఉంచేది ఆ మందే. అది లేకపోతే గడ్డి ఒక్కటే సమస్య కాదు, గడ్డి లేకపోవడం కూడా సమస్యే. మొత్తం తవ్వేస్తే ఒక్క గట్టి వానకు మట్టి రోడ్డు మీదికి చేరుతుంది, తట్టలతో మళ్లీ పైకి మోయాలి. మొత్తం వదిలేస్తే జులైలో గడ్డి నీళ్లన్నీ తాగేసి లేత మొక్కలు ఎండుతాయి.

మధ్యే మార్గం ఇదీ. ఒక వరస వదిలి ఒక వరసలో గడ్డి ఉంచండి. వసంతంలో మిగతా వరసలను పైపైన గీకి, వేసవి చివర్లో పచ్చిరొట్ట విత్తనాలు చల్లండి. మన జనుము, జీలుగ స్థానంలో ఇక్కడ వెచ్, క్లోవర్ వేస్తారు. తీగ మొదట్లో చేత్తో పారతో తీయడమే. బ్రష్ కట్టర్ కాండానికి తగిలితే ఆ మొక్క పోయినట్టే కాబట్టి అలసిపోయిన సాయంత్రాలు ఆ యంత్రం పట్టొద్దు. మరీ ఎండే చోట గడ్డి కోసి అక్కడే పరిస్తే తేమ నిలుస్తుంది.

6. స్ప్రే: గెలుపోటములు ఇక్కడే

మే నుంచి ఆగస్టు మొదటి వారాల దాకా ఏడాది మొత్తం ఈ పని చుట్టూనే తిరుగుతుంది. శత్రువులు ఇద్దరు, మన రైతులకూ పాత పరిచయస్తులే: బూజు తెగులు, బూడిద తెగులు. రెండూ 19వ శతాబ్దంలో అమెరికా నుంచి యూరప్‌కు వచ్చాయి. బూజుకు రాగి, బూడిదకు గంధకం. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం మన దగ్గర ప్రతి పురుగుమందుల కొట్టులో వినిపించే పేరు. అది పుట్టింది 1880లలో ఫ్రాన్స్ ద్రాక్ష తోటల్లోనే. ఇప్పుడు ఇక్కడ ఎక్కువగా రాగి హైడ్రాక్సైడ్ వాడతారు, తక్కువ రాగితో పని జరుగుతుందని.

తక్కువ ఎందుకంటే రాగి నేలలో పేరుకుపోతుంది, వానపాములకు చేటు. యూరోపియన్ యూనియన్ పరిమితి ఏడేళ్లలో హెక్టారుకు 28 కిలోలు. జర్మనీ ఆర్గానిక్ సంఘాలు ఏడాదికి 3 కిలోలకే కట్టడి చేస్తాయి. ఒక్కో స్ప్రేలో 300 గ్రాములు వాడితే పది స్ప్రేలతో కోటా అయిపోతుంది. వానలు ఎక్కువైన ఏడాదిలో పది చాలవు. అందుకే మొదట్లోనే భయపడి చేతికొచ్చినట్టు చల్లేయడం కంటే, పూతకు ముందూ వెనకా ఉన్న కీలక వారాల కోసం దాచుకోవడం తెలివైన పని.

ఎప్పుడు మొదలుపెట్టాలి? పాత కొండగుర్తు ఒకటుంది, మూడు పదులు: 10 డిగ్రీల వేడి, 10 మిల్లీమీటర్ల వాన, 10 సెంటీమీటర్ల చిగురు. ఈ మూడూ కలిస్తే బూజు మొదటి దాడికి దారి తెరుచుకున్నట్టు. ఇప్పుడు వాతావరణ కేంద్రాల లెక్కలతో నడిచే విటిమీటియో లాంటి ముందస్తు సూచనలు ఉన్నాయి, వాటినీ చూడండి. ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది, రాగీ గంధకమూ ఆకు పైనే ఉండి కాపాడతాయి, లోపలికి వెళ్లవు. తెగులు పట్టాక చల్లితే ఫలితం ఉండదు. వానకు ముందే చల్లాలి. పాతిక మిల్లీమీటర్ల వాన పడితే కడుక్కుపోయిందనే అనుకోవాలి. స్ప్రే తర్వాత కొత్తగా వచ్చిన ఆకుకు రక్షణే లేదు. చిగురు జోరుగా ఎదిగే రోజుల్లో వారానికోసారి తప్పదు. గంధకాన్ని 28 డిగ్రీలు దాటే ఎండలో కొడితే ఆకు కాలుతుంది, తెల్లవారుజామున కొట్టండి.

2013 దాకా సేంద్రియ రైతులకు పొటాషియం ఫాస్ఫోనేట్ అనే ఒక ఆసరా ఉండేది. మొక్క లోపలికి వెళ్లి పని చేసేది. యూరోపియన్ యూనియన్ దాన్ని సేంద్రియ జాబితాకు దూరం చేసింది. 2016, 2021ల్లో వానలు విడవకుండా కురిసినప్పుడు చాలామంది రైతులు పంటలో పెద్ద భాగం పోగొట్టుకుని మళ్లీ అనుమతించమని అడిగారు. నా మటుకు నాకు వాళ్ల వాదనే సబబుగా తోస్తుంది. నేలలో నిలిచిపోయే రాగిని పెంచుకుంటూ పోవడం కంటే అది నయం కదా. కానీ నియమం నియమమే, చల్లితే సర్టిఫికెట్ పోతుంది.

వాలు మీద చల్లడమెలా అనేది ఇంకో పెద్ద ప్రశ్న. రోడ్డు మీద ట్యాంకు, పంపు పెట్టి పొడవాటి పైపు లాగుతూ కొట్టడం పాత పద్ధతి. ఒకరు కొట్టాలి, ఇంకొకరు పైపు మోయాలి. భార్యాభర్తల మధ్య మాటలు మిగలాలంటే ముందే సైగలు అనుకోండి. వీపుకు తగిలించుకునే మోటారు స్ప్రేయరు చిన్న ముక్కలకు సరే. గొలుసు చక్రాల బండి వెళ్లగలిగితే ఇద్దరి పని ఒకరితో అవుతుంది. జర్మనీలో ఏటవాలు తోటలకు డ్రోన్లతో చల్లడానికి అనుమతి ఉంది. వాన పడి జారుడుగా ఉన్న మర్నాడు డ్రోన్ నిజంగా ప్రాణం కాపాడుతుంది. కాకపోతే పైనుంచి పడే మందు పై ఆకులకే ఎక్కువ అంటుతుంది, గుత్తుల దాకా సరిగా చేరదు. పూత సమయంలో కనీసం ఒకటి రెండు స్ప్రేలు కింద నుంచి మనిషే కొట్టాలి.

గుత్తుల్లో పురుగుకు మాత్రం మందే అక్కర్లేదు. ఆడ రెక్కల పురుగు వాసననిచ్చే చిన్న గొట్టాలను హెక్టారుకు సుమారు 500 కడితే మగ పురుగు దారి తప్పి జత కట్టలేదు. ఒక్కరే కడితే లాభం లేదు, కొండంతా కట్టాలి. ఊరి రైతులంతా కలిసి ఒకే రోజు కడతారు. కొత్తగా వచ్చినవాళ్లు పరిచయాలు పెంచుకోవడానికి అంతకంటే మంచి రోజు లేదు, తప్పకుండా వెళ్లండి.

ఆకు తీయడం కూడా ఒక రకం మందే. పూత అయ్యాక గుత్తుల చుట్టూ కొన్ని ఆకులు తీస్తే గాలి ఆడి తేమ ఆరుతుంది. ఉదయపు ఎండ తగిలే వైపే తీయండి. మధ్యాహ్నం వైపు తీస్తే ఇప్పటి వేసవి ఎండలకు పండ్లు మాడతాయి.

7. కోత

సెప్టెంబరు చివర మొదలై అక్టోబరంతా సాగుతుంది. రసం తీపిని ఒయెక్స్‌లే డిగ్రీల్లో కొలుస్తారు. లీటరు రసం లీటరు నీటి కంటే ఎన్ని గ్రాములు ఎక్కువ బరువుంటే అన్ని డిగ్రీలు. 85 ఉంటే పూర్తిగా పులిశాక 11 శాతానికి కాస్త పైన ఆల్కహాల్ వస్తుంది. అంకె ఒక్కటే నమ్మొద్దు. గింజ కొరికి చూడండి, పచ్చిగా కాకుండా గోధుమ రంగులో కరకరలాడాలి.

హెక్టారుకు 5,000 లీటర్ల వైన్ అనుకుంటే దాదాపు 7 టన్నుల పండ్లు కొండ దించాలి. కింద నుంచి పైకి కోస్తూ వెళ్లండి, గుత్తులు కళ్లెదురుగా ఉంటాయి, కాలు జారినా ముందుకే పడతారు. చీలమండ దాకా పట్టే బూట్లు లేనివాళ్లను వరసలోకి రానివ్వొద్దు. కుళ్లిన గింజలను కోసేచోటే తీసేయాలి, సెల్లారులో ఏరడం కుదరదు.

పనికి వచ్చే విద్యార్థులకు ఒక మాట. 2024 మార్చి నుంచి విద్యార్థి వీసా మీద ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేయొచ్చు. 2025లో జర్మనీ కనీస వేతనం గంటకు 12.82 యూరోలుగా ఉండేది. "కోతే కదా, సరదాగా రండి, వైన్ ఇస్తాం" అంటే మర్యాదగా ఒప్పందం కాగితం అడగండి.

8. సెల్లారు

మొదటి ఏళ్లలో సొంత సెల్లారు కట్టకండి. సేంద్రియ సర్టిఫికెట్ ఉన్న వైనరీలో మీ పండ్లు పిండించి, ఒక పీపా అద్దెకు తీసుకోండి. పిండేవాళ్లకు, సీసాల్లో నింపేవాళ్లకు సర్టిఫికెట్ లేకపోతే మీ మూడేళ్ల కష్టం ఆ గుమ్మం దగ్గర ఆగిపోతుంది.

గుత్తులను మెల్లగా పిండాలి. రసాన్ని ఒక రాత్రి కదపకుండా ఉంచితే మడ్డి కిందికి దిగుతుంది. తేటను తీసి పీపాలోకి పంపాలి. ఇక్కడి సంప్రదాయ పీపా పేరు ఫూడర్, సుమారు వెయ్యి లీటర్ల ఓక్ పీపా. ద్రాక్ష తొక్క మీద, సెల్లారులో ఉండే సహజ ఈస్టుతోనే పులియనిస్తే చలికాలమంతా మెల్లగా గుసగుసలాడుతూ వసంతానికి ముగుస్తుంది. కొన్న ఈస్టు వాడితే త్వరగా, భయం లేకుండా అవుతుంది. మొదటి ఏడాది సగం సగం చేయండి. తక్కువ ఆల్కహాల్, కొంచెం తీపి ఉండే వైన్ కావాలంటే మధ్యలో చల్లబరిచి పులియడం ఆపాలి, నింపేటప్పుడు సన్నగా వడకట్టాలి. లేదంటే సీసాలో మళ్లీ పులిసి బిరడా ఎగిరిపోతుంది.

ఒక్క లీటరు రసం పులిసేటప్పుడు 40 లీటర్లకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. బరువైన గాలి కాబట్టి సెల్లారు నేల మీదే నిలుస్తుంది. గ్యాస్ మీటరు లేకుండా, ఒంటరిగా అక్టోబరు రాత్రి కిందికి దిగొద్దు.

సేంద్రియ వైన్‌లో సల్ఫైట్ (వైన్ పాడవకుండా వేసే గంధకపు పదార్థం) ఉండదని చాలామంది అనుకుంటారు. ఉంటుంది, తక్కువగా. దాదాపు తీపి లేని తెల్ల వైన్‌కు లీటరుకు 150 మిల్లీగ్రాములు, ఎర్ర వైన్‌కు 100 దాటకూడదు. మామూలు వైన్‌కు ఆ పరిమితులు 200, 150. యూరప్‌లో "సేంద్రియ వైన్" అని లేబుల్ మీద రాసుకునే హక్కు 2012 పంట నుంచే వచ్చింది. అంతకుముందు "సేంద్రియ ద్రాక్షతో చేసిన వైన్" అనే రాయాలి.

9. సీసా, ధర, అమ్మకం

"నాణ్యత వైన్" అనే అధికారిక తరగతి కింద అమ్మాలంటే ప్రయోగశాల పరీక్ష, రుచి పరీక్ష దాటి అధికారిక నంబరు తెచ్చుకోవాలి. లేబుల్ మీద సేంద్రియమని తెలిపే ఆకుపచ్చ ఆకు గుర్తు, తనిఖీ సంస్థ కోడ్, సల్ఫైట్ హెచ్చరిక ఉండాలి. 2023 డిసెంబరు 8 తర్వాత చేసిన వైన్లకు పదార్థాల జాబితా, పోషక విలువలు కూడా చూపించాలి. క్యాలరీల అంకె, అలర్జీ కలిగించే పదార్థాలు లేబుల్ మీదే ఉండాలి, మిగతాదానికి క్యూఆర్ కోడ్ పెడితే సరిపోతుంది. పార్సిళ్లు పంపేవాళ్లు ప్యాకింగ్ సామగ్రి లెక్కకు లూసిడ్ అనే రిజిస్టరులో పేరు నమోదు చేసుకోవాలి, దీన్ని చాలామంది మర్చిపోతారు.

ధర లెక్క కాగితం మీద వేయండి. 1,200 గంటలకు గంటకు 15 యూరోలు వేసుకుంటే 18,000. 5,000 లీటర్లంటే 6,600 సీసాలకు కొంచెం పైన. తోట కూలి ఒక్కటే సీసాకు 2.70 యూరోలు. మందులు, గోడలు, పిండటం, సీసా, బిరడా, లేబుల్, పన్ను ఇంకా మొదలే కాలేదు. సూపర్‌మార్కెట్‌లో మూడు నాలుగు యూరోలకు దొరికే రీస్లింగ్‌తో పోటీ అనే మాటే వద్దు. ట్యాంకుల లెక్కన వ్యాపారికి అమ్మితే ఇంకా ఘోరం. పది పన్నెండు యూరోలకు తగ్గకుండా, నేరుగా తాగేవాళ్లకే అమ్మాలి.

దానికి ఇక్కడి చట్టంలో చక్కటి వెసులుబాటు ఒకటుంది. ష్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్ పేరుతో సొంత వైన్, మామూలు వంటకాలు హోటల్ లైసెన్సు లేకుండానే ఇంటి వాకిట్లో అమ్ముకోవచ్చు. ఏడాదికి నాలుగు నెలలు మించకూడదు, 40 కుర్చీలు దాటకూడదు. ముందుగా ఊరి కార్యాలయంలో చెప్పాలి. సైకిల్ మీద నది పక్కన తిరిగే జనం మే నుంచి అక్టోబరు దాకా ఉంటారు. కానీ మే, జూన్ స్ప్రే నెలలు, అక్టోబరు కోత నెల. ఇద్దరే ఉన్న ఇంట్లో జులై చివర నుంచి సెప్టెంబరు మధ్య దాకా మాత్రమే తెరవండి. కూర్చుని ఒక గ్లాసు తాగినవాళ్లు వెళ్లేటప్పుడు ఆరు సీసాల పెట్టె తీసుకెళ్లేలా అట్టపెట్టెలు గుమ్మం దగ్గరే పేర్చి ఉంచండి.